పై ఇంటి నేలే కింది ఇంటి కప్పు: అపార్టుమెంటు యజమానులు ముందుగా చేయించవలసిన పనులు

మా అపార్టుమెంటు స్టిల్టులో, అంటే స్తంభాల మధ్య బండ్లు నిలిపే కింది అంతస్తులో, ఒక మూల స్తంభం మీద, మోకాలి ఎత్తున, అరచేయంత తుప్పురంగు మరక చాలాకాలం కనిపించేది. దాని మీద రెండుసార్లు రంగు వేయించాము, రెండుసార్లూ మరక మళ్లీ పైకి తేలింది. మూడోసారి రంగు వేయించే ముందు ఎవరో సలహా ఇవ్వడంతో ఒక ఇంజినీరును పిలిచాము. ఆయన చిన్న సుత్తితో స్తంభాన్ని కింది నుంచి పైకి తట్టుకుంటూ వెళ్లారు. మిగతా చోట్ల గట్టిగా ఖంగుమన్న శబ్దం మరక దగ్గరికి వచ్చేసరికి బోలుగా, డొల్లగా మారింది. పెచ్చు తీసి చూస్తే లోపలి ఇనుప చువ్వ పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. స్తంభాన్ని ఆనుకుని దిగే డ్రైనేజీ గొట్టం జాయింటు ఒకటి ఏళ్ల తరబడి చెమరుస్తూ ఉండడమే దానికి మూలమని అప్పుడు తెలిసింది. జాయింటును సరిచేయడానికి ప్లంబరుకు ఒక్క పూట చాలింది. స్తంభానికి మాత్రం చుట్టూ జాకీలు నిలబెట్టి, చెడిన కాంక్రీటు చెక్కించి, కొత్త చువ్వలు కట్టించి, మళ్లీ పోత పోయించడానికి నెల రోజులకు పైగా పట్టింది, ఖర్చు అందరిమీదా పడింది.

విడిగా ఇల్లు కట్టుకున్నవారు ‘పాడైనప్పుడు చూసుకుందాంలే’ అనుకుంటే ఆ నష్టమేదో వారే పడతారు. అపార్టుమెంటులో నష్టం ఒకరి ఇంట్లో పుట్టి మరొకరి ఇంట్లో బయటపడుతుంది. పై ఫ్లాటు బాత్రూమ్‌లో ఊడిన టైలు సందు కింది ఫ్లాటు పడకగది కప్పు మీద చెమ్మగా కనిపిస్తుంది. కనుక పాడవకముందే చూసుకోవడం ఇక్కడ మన ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు, పక్కవారికి మనం బాకీ ఉన్న పని.

ఏది మీది, ఏది అందరిదీ

పని మొదలుపెట్టే ముందు ఈ లెక్క తేల్చుకోవాలి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టమే తెలంగాణలోనూ కొనసాగుతోంది. దాని ప్రకారం ఫ్లాటు కొన్న ప్రతివారికీ స్థలంలోనూ, ఉమ్మడి భాగాల్లోనూ విడదీయరాని వాటా ఉంటుంది, ఆ వాటాతో పాటే ఉమ్మడి ఖర్చుల భారమూ వస్తుంది. పునాదులు, స్తంభాలు, దూలాలు, స్లాబులు, మెట్లు, లిఫ్టు, డాబా, సంపు, బోరు, మోటారు వంటివన్నీ ఉమ్మడివి. మీ సేల్ డీడు చివర ఉండే షెడ్యూలును, యజమానుల సంఘం బైలాలను, అంటే నియమావళిని, ఒక ఆదివారం తీరిగ్గా చదవండి. ఇప్పటిదాకా చదవనివారే ఎక్కువ.

చిక్కంతా గొట్టాల దగ్గర వస్తుంది. నిట్టనిలువుగా దిగే ప్రధాన గొట్టం ఉమ్మడిదనీ, ఫ్లాటులోంచి వెళ్లి దానితో కలిసే అడ్డగొట్టం, కలిసే జాయింటు వరకు, ఆ ఫ్లాటు యజమానిదనీ సాధారణంగా లెక్క పెట్టుకుంటారు. మీ బైలాల్లో ఈ మాట స్పష్టంగా లేకపోతే వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి రాయించండి. నీరు కారడం మొదలయ్యాక ఈ మాట ఎత్తితే అది తగువుగానే ముగుస్తుంది.

నీరే అసలు శత్రువు

భవనానికి వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం నీటివల్లనే వస్తాయి. కాంక్రీటు రాయిలా కనిపించినా సన్నని రంధ్రాలతో నీటిని పీల్చుకుంటుంది. చెమ్మ చువ్వ దాకా చేరితే ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన చోట నీరు మరింత సులువుగా లోపలికి వెళుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది కనుక, అక్కడివారు బాల్కనీ అడుగుభాగాలను, సన్‌షేడ్లను ఏటా దగ్గరగా వెళ్లి చూసుకోవాలి. మరక మీద రంగు వేయడం మాత్రం ఎక్కడా, ఎప్పుడూ చేయకూడదు. మరక వచ్చిందంటే ముందు నీరు ఎక్కడిదో వెతకాలి.

ఫ్లాటు యజమానిగా మీ మొదటి బాధ్యత మీ బాత్రూమ్‌లు. ఏడాదికొకసారి, నేల పొడిగా ఉన్నప్పుడు, టైళ్ల మధ్య సందులను టార్చిలైటు వేసి చూడండి. సిమెంటు రాలిపోయిన సందులు, కమోడు చుట్టూ పగిలిన పూత, నేల జాలీ చుట్టూ ఊగే టైలు కనిపిస్తే వెంటనే పాత పూత గీకించి కొత్తగా నింపించాలి. తడి ఎక్కువగా ఉండే షవరు కింది భాగానికి మామూలు తెల్లసిమెంటు కన్నా ఎపాక్సీ పూత ఎక్కువకాలం నిలుస్తుంది. యాసిడ్ పోసి బాత్రూమ్ కడిగే అలవాటు మానాలి, సందుల్లోని సిమెంటును మొదట తినేసేది అదే.

కింది ఇంట్లో చెమ్మ కనిపించిందని ఫిర్యాదు వస్తే కోపం తెచ్చుకోకుండా ముందు కారణం తేల్చుకోండి. పైన ఎవరూ స్నానం చేయని రోజు కూడా చుక్కలు ఆగకుండా పడుతుంటే కుళాయిలకు నీరు తెచ్చే గొట్టం చిల్లుపడిందని అర్థం. ఫ్లాటు వాల్వు పూర్తిగా కట్టేసి, ఒకటి రెండు రోజులు గమనిస్తే అది రుజువవుతుంది. నీళ్లు వాడినప్పుడే చెమ్మ పెరుగుతుంటే లోపం నేలలోనో, మురుగు వెళ్లే గొట్టంలోనో ఉంటుంది. అప్పుడు నేల జాలీని గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కవరుతో బిగించి, అంగుళం లోతున నీరు నిలబెట్టి, అందులో బట్టలకు వాడే నీలిమందు కలిపి, గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి, 24 గంటలు వదిలేయాలి. ఈ పరీక్ష చేసే ముందు కింది ఇంటివారికి చెప్పి, వారి ఫాల్స్ సీలింగులో ఒక పలక తీయించి పెట్టండి. నీలం చుక్క కిందికి దిగితే నేలదే తప్పు. గీత కిందికి నీరు తగ్గకుండా, జాలీ తీసి వదిలినప్పుడే కింద చుక్కలు పడితే గొట్టం జాయింటుదే తప్పు. రెండు ఇళ్లవారూ కలిసి నిలబడి చూసిన పరీక్ష తరువాత వాదనకు చోటుండదు, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా అక్కడే తేలిపోతుంది. మరమ్మతుకు పై ఫ్లాటులోకి మేస్త్రీని రానివ్వడం యజమాని కనీస ధర్మం. అద్దెకు ఉన్నవారిని అడ్డం పెట్టుకుని వాయిదా వేసినన్నాళ్లూ మధ్యలో స్లాబు తడుస్తూనే ఉంటుంది.

డాబా సంగతి మృగశిర కార్తె లోపు, అంటే జూన్ మొదటి వారానికల్లా చూసుకోవాలి. వాననీరు దిగే గొట్టాల నోళ్ల దగ్గర ఎండుటాకులు, ఇటుక ముక్కలే కాక, హైదరాబాదు వైపు సంక్రాంతికి తెగిపడిన గాలిపటాలు, మాంజా దారం ఉండలు ఉండలుగా పేరుకుని ఉంటాయి. చేతితో తీయించాక ఒక్కో నోట్లో రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి, కింద ఒక మనిషిని నిలబెట్టి, నీరు ఎంతసేపటికి ఎంత ధారగా వస్తోందో చూడండి. డాబా మీద నీరు నిలిచే పల్లాలను వాన వెలిసిన అరగంటకు సుద్దతో గుర్తుపెట్టి, ఎండ కాలంలో వాటం సరిచేయించండి. డిష్ యాంటెన్నా కోసమో, సోలార్ హీటరు కాళ్ల కోసమో స్లాబుకు డ్రిల్లుతో రంధ్రాలు పెట్టడం, కుండీలను నేరుగా నేలమీద పెట్టడం సంఘం అనుమతించకూడదు. విడిగా పోసిన సిమెంటు దిమ్మలమీద వాటిని నిలబెట్టుకోవచ్చు.

పిట్టగోడల పగుళ్లలో, గొట్టాల బిగింపుల దగ్గర పక్షుల రెట్టల ద్వారా పడిన గింజలనుంచి రావి, మర్రి మొలుస్తాయి. దైవవృక్షమని రావి మొక్కను ముట్టుకోవడానికి చాలామంది సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని నేను గౌరవిస్తాను, అందుకే రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా జాగ్రత్తగా తీసి, ఖాళీ స్థలంలోనో గుడి ఆవరణలోనో నాటించమంటాను. పైభాగం కోసేస్తే వేరు లోపల బలుస్తూనే ఉంటుంది, రెండేళ్లలో పిట్టగోడను రెండుగా చీలుస్తుంది.

సంపును, ఓవర్‌హెడ్ ట్యాంకును ఆరునెలలకోసారి ఖాళీచేయించి కడిగించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో నీరు చేరిన వీధుల్లో జరిగినట్టు వరద సంపులోకి వచ్చిందంటే, పూర్తిగా తోడించి, గోడలు రుద్దించి, బ్లీచింగు నీటితో శుద్ధి చేయించి, మొదటి నింపును పారబోశాకే వాడుకోవాలి. తాజా బ్లీచింగు పౌడరులో దాదాపు మూడోవంతు క్లోరిన్ ఉంటుంది కనుక, వెయ్యి లీటర్లకు 150 గ్రాములు కలిపితే ట్యాంకు శుద్ధికి తగిన ఘాటు వస్తుంది, ఆ నీటిని మాత్రం తాగడానికి వాడకూడదు. సంపులోకి మనిషి దిగే ముందు మోటారు స్విచ్చి కట్టేయడమే కాదు, ఫ్యూజు తీసి సంఘం బాధ్యుడి జేబులో పెట్టుకోవాలి. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

మురుగు గుంతలోకి మనిషిని దించవద్దు

దీని గురించి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. డ్రైనేజీ పొంగిందని వాచ్‌మన్ రోడ్డు మీద కనిపించిన ఇద్దరు కూలీలను మాట్లాడుకు రావడం, వారు తాడు పట్టుకుని సెప్టిక్ ట్యాంకులోకి దిగడం ఇప్పటికీ జరుగుతోంది. లోపలి విషవాయువు రెండు మూడు శ్వాసల్లో మనిషిని పడగొడుతుంది, కాపాడబోయి దిగిన రెండోవాడూ తిరిగి రాడు. 2013 నాటి చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనుషులతో ఇలాంటి పని చేయించడాన్ని నేరంగా ప్రకటించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా డబ్బు లెక్క కన్నా ముందు ఆ మనిషి ప్రాణం ఉంది. కనుక యంత్రంతో తోడే వాహనాన్నే పిలవాలనీ, ఏ పరిస్థితిలోనూ మనిషిని దించకూడదనీ తీర్మానం చేసి, వాచ్‌మన్ గదిలో తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించండి. పొంగడానికి ముందే ఏడాదికోసారి తోడించే తేదీ నిర్ణయించుకుంటే అర్ధరాత్రి అగత్యం రాదు. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, వేపుడు నూనె, టీపొడి మురుగు గొట్టంలో వేయకపోవడం మాత్రం ప్రతి ఇంటివారి చేతిలో పని.

కరెంటు, నిప్పు, లిఫ్టు

మీ ఫ్లాటు డీబీ బాక్సులో, అంటే స్విచ్చులన్నీ ఉండే కరెంటు పెట్టెలో, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉంటే దానిమీది ‘టెస్ట్’ బటన్‌ను నెలకొకసారి నొక్కండి. స్విచ్చి వెంటనే కిందికి పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే, ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. ఏసీలు ఒక్కొక్కటే పెరుగుతూ పోయిన పాత భవనాల్లో ప్రధాన కేబులు, బస్‌బారు (ప్యానెల్‌లో కరెంటును పంచే లోహపు పట్టీ) వేసవిలో వేడెక్కుతాయి. అందుకే ఏప్రిల్‌కు ముందు ప్యానెల్ బోర్డులోని కనెక్షన్లన్నీ బిగింపజేయాలి, ఎర్తింగు గుంతలకు నీళ్లు పోయించి నిరోధం కొలిపించాలి. విద్యుత్ బండికి మూడో అంతస్తు నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ వేలాడదీసి చార్జింగు పెట్టడాన్ని ఒప్పుకోకండి. స్టిల్టులో విడి సర్క్యూటు, విడి మీటరుతో పాయింటు పెట్టించుకోమనండి.

మీటర్ల బోర్డు ఎదుట బండ్లు నిలపడం, పాత పరుపులు, అట్టపెట్టెలు పేర్చడం మన అపార్టుమెంట్లలో సర్వసాధారణం. స్టిల్టులో పుట్టిన పొగ మెట్ల బావిలోంచి పొగగొట్టంలోలా పైకి ఎగబాకుతుంది, పై అంతస్తులవారు దిగే దారి అదే. 2023 నవంబరులో హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో రసాయన డ్రములు నిల్వచేసిన నివాస భవనంలో నిప్పు రేగి కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆ సంగతి చెప్పి అయినా సరే, స్టిల్టును, మెట్లను ఖాళీగా ఉంచేట్టు అందరినీ ఒప్పించండి. అగ్నిమాపక సిలిండర్ల ముల్లు పచ్చగీతలో ఉందో లేదో ప్రతినెలా చూడాలి, దీపావళికి ముందు ఇంటికొకరికి వాడకం చూపించాలి. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనమైతే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం, పంపులు, హైడ్రెంట్లు (మంటలార్పే గొట్టం తగిలించే నీటి కుళాయిలు) అన్నీ వాడుకలో ఉండాలి. పంపును నెలకోసారి నడిపి నీటి ధార చూడకపోతే అది గోడకు తగిలించిన బొమ్మే అవుతుంది.

లిఫ్టుకు వార్షిక ఒప్పందం తీసుకునేటప్పుడు విడిభాగాల ధర అందులో కలిసిందో లేదో చదువుకోవాలి. కింది గుంతలో నీరు చేరకుండా చూడాలి, కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తుకు తెచ్చే బ్యాటరీని మూడునెలలకోసారి పరీక్షించాలి. ఇరుక్కున్నవారిని బయటకు తీయడం శిక్షణ ఉన్నవారే చేయాలి.

మీ ఫ్లాటులో మార్పులు చేసుకునేటప్పుడు

వంటిల్లు హాల్లోకి కలుపుకోవడానికి గోడ తీసేయడం, బాల్కనీని ఇటుకలతో మూసి గదిగా మార్చడం, బాత్రూమ్‌ను పడకగది వైపు జరపడం, ఇవన్నీ మీ ఇంటిలోపలి పనులుగా తోచినా భారం మోసేది కింది స్లాబు, దూలం. దూలానికి, స్తంభానికి గొట్టం కోసం గాడి చెక్కడం అన్నింటికన్నా ప్రమాదం. పని మొదలుపెట్టేముందు స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వక అభిప్రాయం, సంఘం అనుమతి తీసుకోండి. ఏసీ బయటి యూనిట్ నీటిని గోడమీదికి వదలకుండా గొట్టం కట్టి మురుగులోకి పంపండి, ఒక్క వేసవి ధారకే గోడ పాచిపట్టి లోపలి గదికి చెమ్మ దిగుతుంది.

తుపాను దారిలో ఉన్న కోస్తా పట్టణాలవారు అక్టోబరుకు ముందు డాబామీది రేకులు, ప్లాస్టిక్ ట్యాంకుల బిగింపులు చూసుకోవాలి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకిన రోజు గాలికి లేచిన రేకులు ఎంత ప్రమాదమో చూసినవారికి ఇది వేరే చెప్పనవసరం లేదు.

కొత్త భవనమైతే ఐదేళ్ల గడువు

రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీనుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్నో, పనితనం లోపాన్నో తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 2016 చట్టం చెబుతోంది. ఈ హక్కు ఉందని తెలిసినవారే తక్కువ, తెలిసినా గడువు దాటాక గుర్తుచేసుకునేవారే ఎక్కువ. నాలుగో ఏడు నిండగానే సంఘం తరఫున ఒక ఇంజినీరుతో డాబా నుంచి సంపుదాకా తనిఖీ చేయించి, ఫోటోలు, తేదీలతో లోపాల జాబితా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మాటమీద చెప్పిన ఫిర్యాదు తరువాత ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

ఊళ్లో లేని యజమానులు

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఫ్లాటును అద్దెకిచ్చినవారికీ, తాళం వేసినవారికీ బాధ్యత ఏమాత్రం తగ్గదు. తాళం వేసిన ఇంట్లో నేల జాలీల కింద మురుగువాసనకు అడ్డుగా నిలిచే నీరు కొన్ని నెలల్లో ఆరిపోయి, మురుగువాసన, బొద్దింకలు పై ఇంటికీ పక్క ఇంటికీ వస్తాయి. కనుక నెలకోసారి ఒక్కో జాలీలో చెంబెడు నీళ్లు పోసే మనిషిని మాట్లాడండి, ప్రధాన వాల్వు కట్టేయించండి, ఒక తాళంచెవి నమ్మకస్థులైన పొరుగువారి దగ్గర ఉంచి, వారి పేరు సంఘానికి తెలియజేయండి. అద్దె ఒప్పందంలో చిన్న మరమ్మతులు ఎవరు చేయించాలో, నీటి లీకేజీ తెలిసిన వెంటనే యజమానికి చెప్పవలసిన బాధ్యత ఎవరిదో రాయించండి.

డబ్బు లెక్క

నెలనెలా వచ్చే మెయింటెనెన్సు వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకు, లిఫ్టు ఒప్పందానికే సరిపోతుంది. పెద్ద పనులకు విడిగా నిధి ఉండాలి. ఉదాహరణకు 30 ఫ్లాట్లు, మొత్తం 36,000 చదరపు అడుగులు అనుకుందాం. డాబా వాటర్‌ప్రూఫింగుకు ఎనిమిదేళ్లకోసారి 6 లక్షలు, బయటి గోడల మరమ్మతు, రంగులకు ఆరేళ్లకోసారి 9 లక్షలు, లిఫ్టు మార్పిడికి ఇరవయ్యేళ్లకు 18 లక్షలు అవుతాయనుకుంటే, ఏడాదికి 75 వేలు, లక్షా 50 వేలు, 90 వేలు కలిసి 3 లక్షల 15 వేలు పక్కన పెట్టాలి. అంటే చదరపు అడుగుకు ఏడాదికి 8 రూపాయల 75 పైసలు, 1,200 అడుగుల ఫ్లాటుకు నెలకు 875 రూపాయలు. మీ భవనానికి అంకెలు వేరుగా ఉంటాయి, మూడు కొటేషన్లు తెప్పించి మీ లెక్క మీరు కట్టుకోండి. ఈ సొమ్మును రోజువారీ ఖర్చులకు తీయరాదనీ, తీయాలంటే సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలనీ బైలాల్లో ఉండాలి. కింది అంతస్తువారు ‘లిఫ్టు మాకెందుకు’ అనీ, పై అంతస్తువారు ‘సంపు మరమ్మతు మీదే’ అనీ మొదలుపెడితే ఏ పనీ సాగదు. ఖర్చు పంచే పద్ధతి, చదరపు అడుగుల లెక్కనో సమానంగానో, ముందే ఒకటి నిర్ణయించి దానికి కట్టుబడాలి.

చివరగా ఒక పుస్తకం పెట్టండి. ట్యాంకు కడిగిన తేదీ, ఎర్తింగు కొలత, లిఫ్టు సర్వీసు రసీదు, చెమ్మ ఫిర్యాదు, పరీక్ష చేసిన రోజు, హాజరైనవారి సంతకాలు అన్నీ అందులో ఉండాలి. దానితోపాటు మంజూరైన ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగులు, గొట్టాలు ఎక్కడెక్కడ వెళుతున్నాయో చూపే పటం ఒక ఫైలులో పెట్టి, స్కాను చేసి యజమానులందరికీ పంపండి. కమిటీ మారే రోజున బ్యాంకు పాసుబుక్కుతో పాటు ఈ పుస్తకాన్ని, ఫైలును కొత్త కార్యదర్శి చేతికిచ్చి, అందినట్టు అదే పుస్తకంలో సంతకం తీసుకోవాలి.